అరవై రెండు

కోటు ఎడమవైపు లైనింగు విప్పి, లోపలి బక్రం పీకి నేలమీద పడేశాడు టైలరు. కాలరూ రొమ్మూ బిరుసుగా నిలబడడానికి లోపల వేసే గుడ్డ అది. ముప్పై ఏళ్ళు చాకిరీ చేసి చేసి నానిన అట్టముక్కలా తయారైంది.

"ఇన్నాళ్ళూ దీన్ని గుండెకి హత్తుకుని తిరిగావంటే నీకు ఇంకో పతకం ఇవ్వాలి బావా" అన్నాడు.

రైటరు నవ్వలేదు. బల్లకి ఇవతల స్టూలు మీద కూర్చుని, నాలుగు మడతలు పెట్టిన పల్చటి కాగితం ఒకటి రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. సైన్యంలోంచి వచ్చేసి ఎన్నేళ్ళయినా అతన్ని అందరూ రైటరనే అంటారు. కంపెనీలో అతని పని అదే. సెలవు చీటీలు, హాజరు పట్టీలు, చనిపోయినవాళ్ళ జాబితాలు, ఏదైనా సరే టైపు కొట్టి పై ఆఫీసరు చేత సంతకం పెట్టించాలి. టైలరు అతని భార్యకి తమ్ముడు. ఇద్దరికీ తలలు నెరిసిపోయినా, బావని ఆటపట్టించడం మాత్రం పుట్టుకతో వచ్చిన ఉద్యోగమనే అనుకుంటాడు. దానికి పదవీవిరమణ లేదు.

యుద్ధ స్మారకం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చి పది రోజులైంది. పాత రాతిపలకలు అరిగిపోయాయనీ, కొత్తవి పెడుతున్నామనీ, శుక్రవారం ఉదయం సభ అనీ అందులో ఉంది. పేర్లలో తప్పులుంటే గురువారం సాయంత్రం ఐదు గంటల్లోగా రుజువుతో స్వయంగా వచ్చి చెప్పుకోవాలనీ, ఆ తర్వాత వచ్చినవి చూడబోమనీ చివర ఉంది. ఆ చివరి వాక్యాన్ని రైటరు ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు.

"సంచిలో పెడితే సంచి పోతుంది. జేబులో పెడితే జేబు కత్తిరిస్తారు. ఒంటిమీది కోటు ఊడబెరుక్కుపోయే దొంగ ఇంకా పుట్టలేదు. ఇటివ్వు" అని చెయ్యి చాపాడు టైలరు.

రైటరు కాగితం ఇచ్చే ముందు ఒకసారి విప్పి చూసుకున్నాడు. కార్బన్ కాపీ. నీలం అక్షరాలు ఇంకా బాగానే కనబడుతున్నాయి. ఇరవై నాలుగు పేర్లు, పేరు పేరుకీ ఎదురుగా నంబరు.

"ఇంతకీ ఏమిటి బావా గొడవ? అక్కనడిగితే 'ఏదో పేరుట, వెళ్ళి కనుక్కో' అంది."

"మా కంపెనీలో ఒకే పేరువాళ్ళు ఇద్దరుండేవారు. ఇంటిపేరుతో సహా ఒకటే. అలాంటప్పుడు నంబర్లో చివరి రెండంకెలు పట్టి పిలుస్తాం. ఒకడు ముప్పై ఆరు, ఒకడు అరవై రెండు. ఇద్దరూ ఒకే రోజు పోయారు. రాతిమీద నంబర్లుండవు, పేర్లే. ఆ పేరు రాతిమీద ఒక్కసారే ఉంది."

టైలరు సూదిలో దారం ఎక్కిస్తూ నాలిక చప్పరించాడు. "తెలిసిపోతూనే ఉందిగా. ఎవడో గుమాస్తా వెధవ, ఒకే పేరు రెండుసార్లు పడిందనుకుని ఒకటి కొట్టేసుంటాడు. వాడి చేతులు పడిపోను!"

రైటరు కిటికీ వైపు చూశాడు. ఆ గుమాస్తా తానేనని టైలరుకి చెప్పలేదు. భార్యకీ చెప్పలేదు. నలభై తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఈ కాగితం ఆ ఆఫీసు బల్లమీద పెడితే చాలు, ఎవరు కొట్టేశారో, ఎందుకు కొట్టేశారో ఎవరూ అడగరు. ఆ రెండో పేరు రాతికెక్కాలి, తను నోరు మెదపాల్సిన అవసరం రాకూడదు. అతని ఆశంతా అదే.

టైలరు కాగితాన్ని గుడ్డకీ కొత్త బక్రానికీ మధ్య పరిచి, అంచుల వెంట సన్నటి కుట్టు వేసి, లైనింగు మూసేశాడు. ఇప్పుడొచ్చే బక్రం వీపున జిగురుంటుంది. వేడి తగిలితే కరిగి గుడ్డకి పట్టేస్తుంది. తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెని బలంగా అదిమాడు. ఆవిరి బుస్సున లేచింది. తిప్పి మళ్ళీ అదిమాడు. పని ఎవరిదైనా, బావదైనా సరే, దుకాణం గడప దాటే బట్టలో ముడత ఉండకూడదు. అది అతని పట్టుదల.

"తొడుక్కో. కాగితం ఎక్కడుందో తడిమి చెప్పు చూద్దాం" అన్నాడు.

రైటరు తడుముకున్నాడు. నిజంగానే ఏమీ తెలియలేదు.

బుధవారం పొద్దున రైలెక్కారు. టైలరు తోడు వెళ్ళాలన్నది అక్క ఆజ్ఞ. "మీ బావ ఒంటరిగా వెళితే ఏ స్టేషన్లోనో దిగి ఆలోచిస్తూ కూర్చుంటాడు" అందావిడ. టైలరుకి మాత్రం ఆలోచన అనే జబ్బు లేదు. ఉన్న రెండు జబ్బుల్లో ఒకటి మాట, రెండోది మొహమాటం.

ఆ రెండోదే కొంప ముంచింది. వాళ్ళ సీట్లు ముందు పెట్టెలో ఉన్నాయి. ఎవరో ఒక కుటుంబంవాళ్ళు, చంటిపిల్లతో, సగం మంది ఇక్కడా సగం మంది వెనక పెట్టెలో అయిపోయామని బతిమాలుకున్నారు. టైలరు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా లేచి నిలబడ్డాడు. "దానికేం భాగ్యం! మేం ఇద్దరం ముసలాళ్ళం, ఎక్కడ కూర్చుంటే ఏంటి?" అని బావ సంచి కూడా తనే అందుకుని వెనక పెట్టెలోకి నడిచాడు. అక్కడ ఎండ తగలని కిటికీ దొరికింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటే ఇదే బావా, అని దారిపొడుగునా తనని తనే మెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి టిక్కెట్లు చూసే ఆయన వచ్చాడు. టిక్కెట్టు చూశాడు, మనుషుల్ని చూశాడు, మళ్ళీ టిక్కెట్టు చూశాడు.

"టిక్కెట్టు సరిగ్గానే ఉంది. మీరే తప్పు" అన్నాడు.

ఇందాకటి జంక్షన్లో బండి రెండు ముక్కలవుతుందట. ముందున్న ఐదు పెట్టెలూ స్మారకం వైపు పోతాయి, వెనకవి నాలుగూ ఇటు వస్తాయి. జంక్షన్లో బండి ఇరవై నిమిషాలు ఆగినప్పుడు టైలరు దిగి టీ తాగాడు కూడా. పెట్టెలు విడిపోతుంటే నిలబడి చూశాడు. "ఎంత నేర్పుగా విప్పుతున్నారు బావా, గుండీ తీసినట్టు!" అని వచ్చి చెప్పాడు కూడా.

తర్వాతి స్టేషన్లో దిగారు. వెనక్కి బండి పొద్దున ఆరింటికి. ఆ రాత్రి ప్లాట్‌ఫాం బెంచీల మీద బ్రెడ్డూ అరటిపళ్ళూ తిని పడుకున్నారు. రైటరు కోటు విప్పలేదు. టైలరు పొద్దున లేచేదాకా మాట్లాడలేదు. పెళ్ళిలో చూసిన దగ్గర్నుంచి అతను అంతసేపు నోరు మూసుకోవడం రైటరు ఎరగడు.

పొద్దుటి బండి గంటన్నర ఆలస్యంగా వచ్చింది. జంక్షన్లో దిగేసరికి స్మారకం వైపు రైలు వెళ్ళిపోయింది. బస్సుందన్నారు. తొమ్మిదింటికి బయల్దేరితే రెండింటికల్లా అక్కడ ఉంటుందని కండక్టరు భరోసా ఇచ్చాడు. భరోసా ఇచ్చిన రెండు గంటలకి, చెట్టూ చేమా లేని చోట బస్సు వెనక టైరు పేలింది. డ్రైవరు దిగి స్టెప్నీ తీశాడు. దాంట్లోనూ గాలి లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. టైలరు డ్రైవరు మీద లేవబోయి, తన రైలు ఘనకార్యం గుర్తొచ్చి తగ్గాడు.

ప్రయాణికులంతా దిగి బస్సు నీడలో కూలబడ్డారు. ఇంకో బస్సు వస్తుందన్నారు, ఎప్పుడో చెప్పలేదు. రైటరు ప్రతి ఐదు నిమిషాలకీ గడియారం చూసుకుంటున్నాడు. పదకొండు, పన్నెండు, పన్నెండున్నర. ఐదు దాటితే ఇంకేముంది. రాయి లేస్తుంది. రాతిమీద ఒక్క పేరే ఉంటుంది. ఇంకో యాభై ఏళ్ళు ఉంటుంది.

దిగినవాళ్ళలో ఒకావిడ మాత్రం కూర్చోలేదు. అరవై దాటి ఉంటాయి. గొడుగు మడిచి చేత్తో పట్టుకుని, రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడింది. వెనకంతా మడతకుర్చీలు ఎక్కించుకున్న వ్యాను ఒకటి వస్తుంటే గొడుగు అడ్డంగా పెట్టి ఆపేసింది.

"ఎటు బాబూ?"

"స్మారకానికమ్మా. రేపటి సభకి కుర్చీలు. మనుషుల్ని ఎక్కించకూడదు."

"కుర్చీలుండేది కూర్చోడానికేగా? ఊరికే తీసుకెళ్ళే బదులు మేం కూర్చుంటాం, నీకేం పోయింది?"

డ్రైవరుకి జవాబు తట్టేలోగా ఆవిడ వెనక తలుపు గొళ్ళెం తీసేసింది. టైలరుకి అంతకంటే ఏం కావాలి! బావని ముందు ఎక్కించి, సంచీ ఎక్కించి, తను ఎక్కాడు. కుర్చీల గుట్ట పక్కన మూడు కుర్చీలు విప్పుకుని ముగ్గురూ కూర్చున్నారు. మలుపు వచ్చినప్పుడల్లా ముగ్గురూ కుర్చీలతో సహా ఒక పక్కకి జారి, మళ్ళీ వెనక్కి వచ్చేవారు.

"ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాను" అందావిడ. "రోగుల బంధువుల్ని దారికి తెచ్చినదాన్ని, వ్యాను డ్రైవరు ఒక లెక్కా? మీరూ స్మారకానికేనా?"

"అక్కడికేనమ్మా. మీరెందుకు?" అన్నాడు టైలరు.

"మా అన్నయ్య పేరుంది రాతిమీద. మూడో వరస. ఏటా వస్తాను. చెయ్యి పెట్టి ఒక నిమిషం నిలబడతాను, అంతే. కొత్త రాయి పెడుతున్నారుగా. పాతది తీసి అవతల పారేసేలోపు ఒకసారి ముట్టుకుందామని ఒక రోజు ముందే బయల్దేరా."

"మా బావ కూడా ఆ యుద్ధంలోనే ఉన్నాడు! మీ అన్నగారిది ఏ కంపెనీ?"

"మూడో కంపెనీ."

"ఇంకేం, మా బావదీ అదే! రైటరు!"

నర్సమ్మ కుర్చీ ఎత్తి రైటరుకి ఎదురుగా వేసుకుని కూర్చుంది. "అయితే మా అన్నయ్య మీకు తెలిసే ఉంటాడు అన్నయ్యగారూ. అదే పేరుతో ఇంకొకాయన కూడా ఉండేవాడట. ఆయన్ని ముప్పై ఆరు అనేవారట. మావాడు అరవై రెండు."

రైటరు ఏదో ఒకటి అనాలి కదా అని, "పొడుగ్గా ఉండేవాడు" అన్నాడు. "బూట్లు బిగువని రోజూ నా బల్ల దగ్గరికొచ్చి పోట్లాడేవాడు. బూట్లిచ్చేది స్టోరు, నేను కాదంటే వినేవాడు కాదు."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "వాడంతే. ఇంట్లోనూ అంతే. ఇంకోటి చెప్పనా? నాకప్పుడు పద్నాలుగేళ్ళు. లెక్కల్లో నలభై వచ్చాయి, నాన్న తిట్టాడని అన్నయ్యకి ఏడుస్తూ ఉత్తరం రాశా. పేరొకటే కదా, అది ఆ రెండో ఆయనకి చేరింది. ఆయన ఊరుకున్నాడా, జవాబు రాశాడు. 'చెల్లాయ్, మీ అన్న గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు, అందుకని నేను రాస్తున్నా. నలభై అంటే తక్కువేం కాదు, నాకెప్పుడూ ముప్పై దాటలేదు' అని. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది నా దగ్గర."

"మహానుభావుడు" అన్నాడు టైలరు. ఆ మాట అన్నాక అతని మొహం మారింది. కోటులో ఉన్న కాగితం సంగతి అతనికి అప్పుడు వెలిగింది.

"రాతిమీద ఆ పేరు ఒక్కటే ఉంది కదా. అంటే ఆయన బతికి బయటపడ్డాడనేగా. మా అన్నయ్య పోయాడని ఏడ్చిన రోజుల్లో కూడా, పోనీలే, ఆ ఉత్తరం రాసినాయనైనా మిగిలాడు, ఎక్కడో పిల్లాపాపలతో ఉంటాడు అనుకునేదాన్ని. ఏమో, అదో తృప్తి. ఆయనెక్కడున్నాడో మీకేమైనా తెలుసా అన్నయ్యగారూ?"

టైలరు నోరు తెరవబోయాడు. రైటరు కాలు చాపి అతని కాలిమీద బలంగా తొక్కాడు.

"తెలీదమ్మా. యుద్ధం అయ్యాక ఎవరి దారి వాళ్ళది" అన్నాడు.

ఆ తర్వాత రెండు గంటలూ రైటరు తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాడు. దారిలో డ్రైవరు టీకి ఆపినప్పుడు టైలరు అతన్ని పక్కకి లాగాడు. "ఆవిడ చెల్లెలు బావా! ఇద్దరూ పోయారని చెప్పొద్దా?"

"రేపు రాతిమీద రెండు పేర్లు చూస్తుంది. ఆవిడకే తెలుస్తుంది. మన నోటితో చెప్పడం దేనికి?"

టైలరుకి అది సబబుగానే తోచింది. సబబుగా తోచేలాగే రైటరు చెప్పాడు.

వ్యాను స్మారకం గేటు దాటేసరికి నాలుగూ పది. ఆవరణంతా రాతిపొడి. పీకేసిన పాత పలకలు ప్రహరీ గోడకి ఆనించి వరసగా నిలబెట్టి ఉన్నాయి. కొత్త పలకలు కర్రదిమ్మల మీద పడుకోబెట్టారు. వాటిలో చివరిదాని మీద వంగి, మూతికి గుడ్డ కట్టుకుని, రాతిపని మేస్త్రీ ఉలి కొడుతున్నాడు. నర్సమ్మ ఎవరి కోసమూ ఆగకుండా పాత పలకల వైపు నడిచింది. రైటరు ఆఫీసు గదిలోకి నడిచాడు.

సూపరింటెండెంటు మంచివాడే. కూర్చోమన్నాడు, మంచినీళ్ళిప్పించాడు, సంగతంతా విన్నాడు. "నలభై తొమ్మిదేళ్ళుగా ఎవరూ రాలేదండీ దీనికోసం. సరే, రుజువుందన్నారుగా, చూపించండి."

టైలరుకి ఇది ఎదురుచూసిన ఘడియ. బావ ఒంటిమీది కోటు విప్పించి, బల్లమీద పరిచి, జేబులోంచి చిన్న కత్తెర తీశాడు. "ఎక్కడుందో కనుక్కోండి చూద్దాం" అన్నాడు సూపరింటెండెంటుతో. ఆయన ఓపిగ్గా తల అడ్డంగా ఊపాడు. టైలరు లైనింగు కుట్టు నాలుగు వేళ్ళ మేర విప్పి, రెండు వేళ్ళు లోపలికి పెట్టి కాగితం అంచు పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకాస్త విప్పి లాగాడు. గోరంత ముక్క వచ్చింది.

లైనింగు మొత్తం చింపేశాక విషయం తెలిసింది. బక్రం జిగురు కరిగి కాగితం వీపంతా పట్టేసింది. రెండోవైపు తిప్పి ఇస్త్రీ చేసినప్పుడు తడి ఆవిరి గుడ్డలోంచి దిగి అక్షరాల్ని తినేసింది. గుడ్డా, కాగితం, బక్రం మూడూ కలిసి ఒకే గట్టి అట్ట అయ్యాయి. ఒలుస్తుంటే కాగితం పొట్టులా రాలింది. ఇరవై నాలుగు పేర్లుండాల్సిన చోట నీలపు మరక ఉంది. పైన తేదీ మాత్రం శుభ్రంగా ఉంది.

టైలరు కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "రెండుసార్లు ఇస్త్రీ చేశాను బావా" అన్నాడు. "ఒక్కసారి చేసినా సరిపోయేది."

"నువ్వేం చేస్తావులే" అన్నాడు రైటరు. అతని గొంతులో కోపం లేదు. కోపం తెచ్చుకునే తీరిక కూడా లేదు, గోడ గడియారంలో నాలుగున్నర అవుతోంది.

సూపరింటెండెంటు సొరుగు లాగి ఒక ఫారం తీశాడు. "కాగితం ఉంటే దీంతో పనుండేది కాదు. లేదు కాబట్టి చెబుతున్నా. పొరపాటు ఎలా జరిగిందో స్వయంగా తెలిసినవాళ్ళు రాసి సంతకం పెట్టాలి. చనిపోయినాయన నంబరు సరైనదేనని రక్తసంబంధీకులెవరైనా సంతకం పెట్టాలి. రెండూ ఐదులోపు."

"ఎలా జరిగిందో తెలియదని రాస్తే?" అన్నాడు టైలరు.

"విచారణకి పోతుంది. ఆరునెలలు. రాయి రేపు పొద్దున నిలబడుతుంది. నిలబడ్డాక దాని మీద చెక్కరు."

రైటరు ఫారం దగ్గరికి లాక్కున్నాడు. పేరు, నంబరు, కంపెనీ, తేదీ, గళ్ళన్నీ గబగబా నింపేశాడు. చివరి గడి దగ్గర కలం ఆగింది. పక్కనున్న టైలరు ఊపిరి అతని మెడమీద తగులుతోంది. ఇంక ముందుకి పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. అతను ముందుకే పోయాడు. గుండ్రటి గుమాస్తా చేతిరాతతో, తొందర లేకుండా రాశాడు:

'ఆ రోజు చనిపోయినవారు ఇరవై ముగ్గురని మేజరుగారు అప్పటికే పైకి కబురు పంపారు. నేను టైపు చేసిన జాబితాలో ఇరవై నలుగురున్నారు. ఒకే పేరు రెండుసార్లు పడిందని ఒకటి తీసెయ్యమన్నారు. ఇద్దరు వేరు వేరు మనుషులని నాకు తెలుసు. తెలిసీ రెండోదాన్ని నేనే కొట్టేశాను. మర్నాడు సరిచేయిద్దామనుకున్నాను, చేయించలేదు. ఇళ్ళకి తంతి వార్తలు నంబర్ల ప్రకారం సరిగ్గానే వెళ్ళాయి. రాతికెక్కింది మాత్రం ఆ జాబితాయే.'

టైలరు చదివాడు. "మొన్న వాడి చేతులు పడిపోనన్నాను" అన్నాడు.

"అన్నావు."

"నువ్వని తెలీదు బావా."

"తెలిస్తే అనేవాడివి కాదా?"

సూపరింటెండెంటు కాగితం తిప్పి చదివి, కళ్ళజోడు తీశాడు. "రక్తసంబంధీకులు?" అన్నాడు.

"బయటే ఉన్నారు" అన్నాడు రైటరు.

నర్సమ్మ వ్యానులోంచి దింపిన కుర్చీ ఒకటి తెచ్చుకుని పాత పలక ఎదురుగా వేసుకుని కూర్చుంది. అరచెయ్యి మూడో వరస మీద ఆనించి ఉంది. మళ్ళీ తొడుక్కున్న కోటు గుండె దగ్గర చిరిగి, లైనింగు బయటికి వేలాడుతుంటే రైటరు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. దుమ్ములో ఆవిడకి అతను పడిపోయి దెబ్బ తగిలించుకున్నాడేమో అనిపించింది.

"అయ్యో, ఏమైంది అన్నయ్యగారూ?"

"ఒక సంతకం కావాలమ్మా. మీ అన్నయ్య పేరు గురించి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. "ఇటివ్వండి. చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేదు నాకు. మా ఉద్యోగంలో అలా పెడితే ప్రాణాలు పోతాయి."

చదివింది. పైనుంచి మొదలుపెట్టి ఒక్కో గడీ వేలితో పట్టుకుంటూ చదివింది. చివరి గడి రెండుసార్లు చదివింది. రైటరు చేతులు రెండూ పక్కలకి ఆనించుకుని నిలబడ్డాడు. టైలరు కాస్త దూరంలోనే ఆగిపోయాడు. ఆవిడ తలెత్తింది గానీ అతన్ని చూడలేదు. పలకకేసి చూసింది.

"అయితే ఇది మావాడిది కాదు."

"కాదమ్మా. ఇది ముప్పై ఆరుది. అరవై రెండుది నేను తీసేశాను."

"ఆయన కూడా పోయాడా?"

"అదే రోజు. ఇద్దరూ ఒకే కందకంలో ఉన్నారు."

"వ్యానులో అడిగితే తెలీదన్నారు."

"అన్నాను."

ఆవిడ అరచెయ్యి ఇంకా పలకమీదే ఉంది. తియ్యలేదు. కాసేపటికి రెండో చేత్తో కళ్ళజోడు సర్దుకుని, సంచిలోంచి కలం తీసి, ఒళ్ళో సంచి మీదే కాగితం పెట్టుకుని సంతకం చేసింది. 'సంబంధం' అన్న చోట చెల్లెలు అని రాసింది. కాగితాన్ని రైటరు చేతికివ్వలేదు. అతని పక్కనుంచి చెయ్యి చాపి టైలరుకిచ్చింది.

"మీరు పట్టుకెళ్ళండి. ఐదు కావస్తోంది."

అరవై ఆరేళ్ళ టైలరు కుర్చీల మధ్యనుంచి పరిగెత్తాడు. కాసేపటికి లోపల ముద్ర పడ్డ చప్పుడు బయటికి వినబడింది. సూపరింటెండెంటు తనే చీటీ పట్టుకొచ్చి మేస్త్రీకిచ్చాడు. మేస్త్రీ చీటీ చూసి, పలక చూసి, విసుక్కున్నాడు. "ఈ పేరు పైన చెక్కేశానుగా. రెండుసార్లు చెక్కితే నాకు చదువు రాదంటారు."

"ఇద్దరు మనుషులు" అన్నాడు రైటరు.

మేస్త్రీ భుజాలెగరేసి, అడుగున ఖాళీగా ఉన్న చోట రాతిపొడి ఊదేశాడు. చెక్కే ముందు అచ్చు వేసుకోవాలి. స్కేలు పెట్టి రెండు గీతలు గీసి, వాటి మధ్య పేరు రాశాడు. నాలుగో అక్షరం వంకరగా వచ్చింది. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాశాడు. నర్సమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి, అతని వెనక నిలబడి చూస్తోంది. రైటరు రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆవిడ అటు తిరగకుండానే అడిగింది.

"మీరు కొట్టేసింది దేంతో?"

"పెన్సిలుతో."

"పెన్సిలుతోనా?" అంది. మేస్త్రీ ఉలి అందుకుని మొదటి అక్షరం మీద ఆనించాడు. "అయితే చెరిపేస్తే పోయేదేగా" అందావిడ.

"పోయేదమ్మా" అన్నాడు రైటరు.